కెర్రీలో వాన, అమ్మానాన్నలు, 179 కిలోమీటర్ల తెల్లగోడ

కొబ్బరాకు • శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఐర్లండ్‌లో, కెర్రీ కౌంటీ కిల్లార్నీలో ఒక చిన్న బసలో కూర్చుని రాస్తున్నాను. బయట వాన. లోపల హీటరు మీద మూడు జతల మేజోళ్ళు, నాన్న మంకీ క్యాపు ఆరుతున్నాయి.

అమ్మానాన్నలు కాకినాడ నుంచి వచ్చి అయిదు వారాలైంది. ఆగస్టు మొదటి సోమవారం ఇక్కడ సెలవు కాబట్టి మూడు రోజులు కలిసొస్తాయని మే నెలలోనే గది తీసుకున్నాను. నిన్న సాయంత్రం డబ్లిన్ నుంచి సుమారు 300 కిలోమీటర్లు కారులో వచ్చాం. ఇవాళ ఉదయం తొమ్మిదికి రింగ్ ఆఫ్ కెర్రీ, అంటే 179 కిలోమీటర్ల చుట్టుదారి, మొదలుపెట్టాం. ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో కాగితం మీద రాసుకుని మరీ బయలుదేరాను. నవ్వకండి.

కిల్లోర్గ్లిన్ దాటేసరికి తుంపర. గ్లెన్‌బే దగ్గర జల్లు. అక్కడి నుంచి ఇక తెరిపి లేదు. కూమకిష్ట కనుమ మీద కారు ఆపితే, సముద్రమూ దీవులూ కనపడాల్సిన చోట తెల్లగోడ ఉంది. పొగమంచు అనను, గోడే. నాన్న కారు దిగి, అంచు దాకా నడిచి, రెండు నిమిషాలు నిలబడి, తిరిగొచ్చి సీటు బెల్టు పెట్టుకుని "బాగుందిరా" అన్నారు. ఆ "బాగుంది" ఎలాంటిదో మీకందరికీ తెలుసు.

ఆయన ముఖం వెలిగింది ఒక్క వాటర్‌విల్‌లోనే. చార్లీ చాప్లిన్ 1959 నుంచి కుటుంబంతో సెలవులకు వచ్చిన ఊరు అదట. సముద్రం ఒడ్డున కంచు విగ్రహం పెట్టారు. టోపీ అంచు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. నాన్న తన గొడుగు తీసి చాప్లిన్ తల మీద పట్టారు. నేను ఫోటో తీసేలోపు గాలి గొడుగును తిరగేసింది. రెండు ఊచలు విరిగాయి. అమ్మ కారులోంచి దిగలేదు.

మధ్యాహ్నం పులిహోర కారులోనే తిన్నాం. అద్దాలన్నీ ఆవిరి పట్టి, బయట ఏ ఊరుందో కూడా తెలియలేదు. ఎనిమిది గంటల ప్రయాణంలో నిజంగా చూసింది ముందున్న టూరు బస్సు వెనక భాగం.

ఇంకా రేపంతా, ఎల్లుండి సగం రోజు ఉంది. వాన తగ్గేలా లేదు. గది డబ్బులు పోతే పోయాయని రేపు ఉదయమే డబ్లిన్ వెళ్ళిపోవడం మేలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

లిమెరిక్ అక్క • శనివారం రాత్రి 11:05

తమ్ముడూ, వెళ్ళిపోవద్దు. పదకొండేళ్ళుగా ఇక్కడున్నాను, చుట్టాలు వచ్చినప్పుడల్లా కెర్రీ తిప్పే బాధ్యత మా ఇంట్లో నాదే. నువ్వు చేసిన పొరపాటు వానలో వెళ్ళడం కాదు, వానలో పూర్తి చుట్టు తిరగడం. ఆ దారి అందమంతా దూరపు చూపులో ఉంటుంది. దూరం కనపడని రోజున అది వట్టి మలుపుల రోడ్డు.

రేపు కారు కిల్లార్నీ చుట్టూ పది కిలోమీటర్లు దాటనివ్వకు. టోర్క్ జలపాతం వానలోనే చూడాలి. ఎండ కాసిన వారంలో వెళ్తే సన్నటి ధార తప్ప ఏమీ ఉండదు. రెండు రోజుల వాన తర్వాత ఆ ఇరవై మీటర్ల ఎత్తు నుంచి దూకే నీటి హోరు కారు ఆపిన చోటికే వినపడుతుంది. నడక కూడా అయిదారు నిమిషాలే, అమ్మ నడవగలరు. తర్వాత మక్రాస్ హౌస్, లోపల చూసేది బోలెడు. దాని పక్కనే పాత మఠం శిథిలాలు.

ఇంకో మాట. సాయంత్రం అయిదుకల్లా గదికి చేరిపోవద్దు. ఇప్పుడు సూర్యాస్తమయం తొమ్మిదిన్నరకు. టూరు బస్సులన్నీ ఆరుకల్లా వెళ్ళిపోతాయి. వాన తెరిపి ఇస్తే ఏడు గంటలకు లేడీస్ వ్యూకి వెళ్ళు, చెరువులూ కొండలూ పైనుంచి కనపడే చోటు అది.

చలిమంట • శనివారం రాత్రి 11:20

నా సలహా: వెళ్ళిపోండి. నేను పోయిన ఏడాది మా అత్తగారినీ మామగారినీ సముద్రపు అంచున ఉన్న మోహర్ కొండచరియలకు తీసుకెళ్ళాను. 214 మీటర్ల ఎత్తు అని రాసి ఉంది, ఆ రాసిన బోర్డు తప్ప ఏమీ కనపడలేదు. టికెట్టు ముందే కొన్నాను కాబట్టి వాన పడుతుందని తెలిసీ వెళ్ళాల్సి వచ్చింది. మామగారు ఇప్పటికీ ఎవరైనా ఐర్లండ్ గురించి అడిగితే "పాల సముద్రం చూశాం" అంటారు. ఇక్కడి వాతావరణ సూచనలు కూడా వట్టివే. ఎండ అంటారు, తడుస్తాం.

వాయుగుండం • శనివారం రాత్రి 11:52

చలిమంట గారూ, ఈ తీరపు వాతావరణ నివేదికలను అంత తేలిగ్గా తీసేయకండి. 1944 జూన్‌లో మేయో కౌంటీ బ్లాక్‌సాడ్ నుంచి వెళ్ళిన కొలతల వల్లనే రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీ దాడి 5వ తేదీ నుంచి 6కు వాయిదా పడింది. మీ మామగారికి కూడా వాళ్ళు మేఘం ఎత్తు చెప్పే ఉంటారు, మీరు సూర్యుడి బొమ్మ ఒక్కటే చూసి ఉంటారు.

కొబ్బరాకు గారికి అసలు కారణం చెబుతాను. మనకు పడమటి కనుమలు నైరుతి రుతుపవనాన్ని ఎలా అడ్డుకుంటాయో, అట్లాంటిక్ మీదుగా వచ్చే తేమగాలిని కెర్రీ కొండలు అలా అడ్డుకుంటాయి. దేశంలో అన్నిటికన్నా ఎత్తయిన కారన్‌టూహిల్ అక్కడే ఉంది, 1,038 మీటర్లు. మనకు అది పెద్ద ఎత్తు కాదు, కానీ సముద్రం పక్కనే లేచింది. గాలి పైకెక్కుతూ చల్లబడి అక్కడే కురుస్తుంది. కాహెర్‌సివీన్ దగ్గరి వాలెంషియా పరిశీలన కేంద్రంలో ఏడాదికి 1,500 మిల్లీమీటర్ల పైన పడుతుంది. అదే డబ్లిన్‌లో 750కి అటూ ఇటూ, అంటే హైదరాబాదు కన్నా ఎక్కువేమీ కాదు. తేడా రోజుల లెక్కలో ఉంది. పడమటి వైపు కొన్నిచోట్ల ఏడాదికి 225 రోజులు వాన పడుతుంది. మనవైపు నాలుగు నెలల్లో కుమ్మరించేదాన్ని ఇక్కడ ఏడాది పొడవునా జల్లెడ పట్టినట్టు జల్లుతారు. (ఆ కేంద్రం పేరు వాలెంషియా అయినా 1892 నుంచీ అది ద్వీపంలో లేదు, ఒడ్డుకు మారిపోయింది. పేరు మార్చడానికి ఎవరికీ మనసు రాలేదేమో.)

పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఇక్కడ చాలాసార్లు మేఘం కొండ భుజాల మీద కూర్చుంటుంది, కింద చెరువు మట్టానికి దిగదు. కనుమ మీద తెల్లగోడ ఉన్నప్పుడే కింద రెండు మూడు కిలోమీటర్లు బాగా కనపడుతుంది. కాబట్టి ఉదయం కిటికీలోంచి కొండల వైపు చూడండి. మేఘం ఎంత కిందికి దిగితే మీరూ అంత కిందికి దిగండి: చెరువు గట్టు, అడవి, జలపాతం. అది పైకి లేచినప్పుడే మీరూ పైకి వెళ్ళండి. ఫోనులో సూర్యుడి బొమ్మ బదులు మెట్ ఏరన్ (ఇక్కడి వాతావరణ శాఖ) వాన రాడారు చూడండి. రెండు పట్టీల మధ్య ఖాళీ కనపడితే అదే మీ ముహూర్తం.

కందిపొడి • ఆదివారం ఉదయం 8:10

రాత్రి ఇది చదువుతూ నిద్రపోయాను. నాకు ఒక్కటే ప్రశ్న. పులిహోర అయిపోయాక ఏం తింటారు? మా అమ్మ కూడా శాకాహారి, సెప్టెంబరులో వస్తోంది.

లిమెరిక్ అక్క • ఆదివారం ఉదయం 8:31

ఏ పల్లెలో ఆగినా కూరగాయల సూపు, సోడా రొట్టె దొరుకుతాయి. మన చపాతీ పిండి రంగులో, గరుకుగా ఉంటుంది, వెన్న రాసుకుంటే అమ్మలకు నచ్చుతుంది. అయితే సూపులో కోడి నీళ్ళు పోశారేమో తప్పకుండా అడగండి. పేరులో కూరగాయలున్నాయి కదా అని ఊరుకోవద్దు. చౌడర్ అంటే చేపలతో చేసేది, దాని జోలికి వెళ్ళకండి. ఫ్లాస్కులో మజ్జిగ మిరియాల చారు పోసుకెళ్తే ఈ చలికి ప్రాణం లేచొస్తుంది.

గోదారిగట్టు • ఆదివారం ఉదయం 9:15

టూరు బస్సులన్నీ కిల్లార్నీ నుంచి కిల్లోర్గ్లిన్ వైపు, అంటే గడియారానికి ఎదురు దిశలో తిరుగుతాయి. మీరూ అటే వెళ్ళారు కాబట్టి వాటి వెనక ఇరుక్కున్నారు. ఈసారి కెన్‌మేర్ వైపు నుంచి మొదలుపెట్టండి.

లిమెరిక్ అక్క • ఆదివారం ఉదయం 9:24

గోదారిగట్టు గారూ, అది ఎండ రోజు సలహా. వానలో, అద్దం మీద వైపరు కొట్టుకుంటుండగా, ఇరుకు మలుపులో ఎదురుగా బస్సు వస్తే వెనక్కి వెళ్ళాల్సింది మనమే. వెనక ఉంటే విసుగు, ఎదురుపడితే భయం. పెద్దవాళ్ళు కారులో ఉన్నప్పుడు నేను విసుగే ఎంచుకుంటాను.

గోదారిగట్టు • ఆదివారం ఉదయం 9:30

ముందుకు పోనివ్వమని సైగ చేస్తే బస్సు వాళ్ళే చోటు ఇస్తారక్కా, నాకు రెండుసార్లు ఇచ్చారు. సరే, వానలో అయితే మీ మాటే.

ఇంకో విషయం. వాళ్ళకు స్కెల్లిగ్ మైకేల్ చూపించగలిగితే బాగుంటుంది. 1996 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. సముద్రంలో రాతి కొండ మీద ప్రాచీన సన్యాసుల గూళ్ళు.

వాయుగుండం • ఆదివారం ఉదయం 9:47

పెద్దవాళ్ళకు వద్దండీ. 618 రాతి మెట్లు, పట్టుకోవడానికి చాలాచోట్ల ఏమీ లేదు. తీరానికి 12 కిలోమీటర్ల దూరం. ఒడ్డున ఎండ ఉన్నా అలల పొంగు ఉంటే పడవ బయలుదేరదు. ఈ గాలికి ఎలాగూ వెళ్ళవు.

కొబ్బరాకు • ఆదివారం మధ్యాహ్నం 2:20

అందరికీ ధన్యవాదాలు. వెళ్ళిపోలేదు.

ఉదయం లేచి కిటికీ తెర తీస్తే కొండలు నడుము దాకానే ఉన్నాయి, పైది లేదు. వాయుగుండం గారి మాట ప్రకారం కిందికే వెళ్ళాం. టోర్క్ దగ్గర అక్క చెప్పినట్టే, తలుపు తీయగానే హోరు. దారి పొడవునా ప్రతి కొమ్మకూ నాచు కప్పి ఉంది. చేయి ఆనిస్తే తడిసిన దుప్పటిలా మెత్తగా కుంగింది. ఓక్ చెట్ల కొమ్మల మీదే ఫెర్న్ మొక్కలు మొలిచాయి. అమ్మ వాటి ముందు ఆగి, "చూడరా, చెట్టు మీద చెట్టు. వీటికి కుండీలెందుకు, ఈ వాన చాలు" అంది. నిన్న కారు దిగని మనిషి ఇవాళ జలపాతం తుంపర ముఖానికి తగిలేదాకా వెళ్ళి, కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

తర్వాత మక్రాస్ మఠం. పదిహేనో శతాబ్దానిదట, చర్చికి పైకప్పు లేదు. మధ్యలో నలుచదరపు వాకిలి, అందులో ఒకే ఒక్క యూ చెట్టు, గోడలను దాటి పైకి పెరిగింది. చుట్టూ ఉన్న వసారాకు మాత్రం రాతి కమానుల కప్పు ఉంది, వాన పడదు. అమ్మ చెప్పులు విప్పబోయి, నేల చల్లదనం చూసి మానేసి, ఆ వసారా వెంట చెట్టు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసింది. ఒక ఐరిష్ పెద్దావిడ కూడా ఏమనుకుందో ఏమో మా వెనకే తిరిగింది. నాన్న రాతి స్తంభాలు లెక్కపెట్టారు.

ఇప్పుడు మక్రాస్ హౌస్ టీ గదిలో ఉన్నాం. 1861లో విక్టోరియా రాణి వచ్చి ఈ ఇంట్లో దిగిందట. ఆవిడ చెలికత్తెలు మెచ్చుకున్నందుకే లేడీస్ వ్యూకి ఆ పేరట. 1932లో యజమానులు ఈ ఎస్టేటును దేశానికిచ్చేస్తే అది ఐర్లండ్‌లో మొదటి జాతీయ ఉద్యానం అయిందని నాన్న బోర్డు మొత్తం చదివి మాకు వినిపించారు. బయట వాన పడుతూనే ఉంది.

చలిమంట • ఆదివారం మధ్యాహ్నం 2:41

నాచు చూడటానికి మూడు వందల కిలోమీటర్లా? మా గోడ మీద కూడా ఉంది.

కందిపొడి • ఆదివారం మధ్యాహ్నం 2:50

చలిమంట గారి గోడకు ప్రదక్షిణలు మొదలుపెడదాం.

మెదక్ మబ్బు • ఆదివారం సాయంత్రం 4:05

ఈ వానకు అక్కడివాళ్ళు ముద్దుపేరు పెట్టుకున్నారు, "మెత్తని రోజు" అంటారు. ఐరిష్ భాషలో "లా బోగ్". నేను గాల్వేలో కొత్తగా ఉన్నప్పుడు పొరుగింటి ముసలాయన నిలువునా తడుస్తూ "ఇవాళ మెత్తగా ఉంది" అంటే, వెటకారం అనుకున్నాను. కాదు, మామూలుగానే అన్నాడు.

మనకూ సరిగ్గా ఇదే వానకు మాట ఉంది కదా, ముసురు. జడివాన కాదు, గాలివాన కాదు, వదలని సన్న వాన. మా ఊళ్ళో ముసురు పట్టిందంటే పొలం పని ఆగిపోయేది, మా నాయనమ్మ మొక్కజొన్నలు కాల్చేది. ఇక్కడ ముసురుకు ఏ పనీ ఆగదు. గొర్రెలు మేస్తూనే ఉంటాయి, పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతూనే ఉంటారు. ఏడాదిలో ఇన్ని రోజులు ముసురు పట్టే దేశంలో పని మానేస్తే బతకడం ఎలా మరి.

వాయుగుండం • ఆదివారం సాయంత్రం 4:30

ముసురుకూ తుఫానుకూ తేడా మాత్రం మరవకండి. ఇక్కడ హెచ్చరికలు మూడు రంగులు: పసుపు, నారింజ, ఎరుపు. పసుపు ఉన్నా జాగ్రత్తగా తిరగవచ్చు. గాలికి నారింజ రంగు ఇస్తే తీరానికీ, కొండ అంచులకూ వెళ్ళకండి. ఎరుపు అంటే ఇల్లు కదలకూడదు. 2025 జనవరి 24న ఏయోవిన్ తుఫానుకు దేశమంతా ఎరుపు ఇచ్చారు. గాల్వే తీరంలో మేస్ హెడ్ దగ్గర గాలి గంటకు 180 కిలోమీటర్లు దాటింది. అలాంటి రోజున ఫోటో కోసం అలల పక్కకు వెళ్ళేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఏదైనా జరిగితే 112 లేదా 999.

అలాగే, పల్లె దారుల్లో వేగ పరిమితిని 2025 ఫిబ్రవరిలో 80 నుంచి 60కి తగ్గించారు. వానలో 60 కూడా ఎక్కువే. రోడ్డు మీద నీళ్ళు నిలిచి ఉంటే కింద గుంత ఉందనే అనుకోవాలి.

పెట్టెబేడా • ఆదివారం సాయంత్రం 5:12

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా అన్నయ్య ఇండియా నుంచి రెండు వారాలకు వస్తున్నాడు. ఇండియా లైసెన్సుతో ఇక్కడ కారు నడపవచ్చా?

లిమెరిక్ అక్క • ఆదివారం సాయంత్రం 5:20

చూడటానికి వచ్చినవాళ్ళు నడపవచ్చు, ఎడమ వైపే కాబట్టి చేయి కూడా త్వరగా అలవాటవుతుంది. అద్దె కార్ల వాళ్ళ షరతులు వేరువేరుగా ఉంటాయి, తీసుకునే ముందే అడగాలి. ఇక్కడే నివాసం ఉంటున్న మీకు మాత్రం అది చెల్లదు. మార్పిడికి ఒప్పుకునే దేశాల్లో ఇండియా లేదు, లెర్నర్ నుంచి మొదలుపెట్టాల్సిందే. నేనూ అలాగే చేశాను, రెండోసారికి పాసయ్యాను.

కొబ్బరాకు • ఆదివారం రాత్రి 10:55

ఇది రాయకుండా పడుకోలేను.

ఆరున్నరకు గదిలో ఉన్నాం. రాడారులో వాన పట్టీ తూర్పుకు జరిగింది, తర్వాతిది ఇంకా సముద్రం మీదే ఉంది. మధ్యలో గంటన్నర ఖాళీ. అమ్మ మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది, రానంది. నాన్న అప్పటికే బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. ఆయన్ను చూసి అమ్మ కూడా లేచింది.

ఎన్71 రోడ్డు మీద ఎదురుగా దాదాపు ఒక్క బండీ రాలేదు. రాతిని తొలిచిన చిన్న సొరంగం దాటి ఏడున్నరకు లేడీస్ వ్యూ చేరాం. మళ్ళీ గోడే. నిన్నటి కన్నా కాస్త పలచన, అంతే. ఇంకో రెండు కార్లున్నాయి, అవి వెళ్ళిపోయాయి. నేను కూడా తాళం తిప్పబోయాను. నాన్న "ఉండరా, కదులుతోంది" అన్నారు.

ముందు కింద చెరువు ముక్క ఒకటి కనపడింది, సీసం రంగులో. తర్వాత దాని పక్కన దీవి. తర్వాత మేఘం కింది అంచు, తెర ఎత్తినట్టు కాదు, తడిగుడ్డను చివర పట్టుకుని లాగినట్టు, ఎడమ నుంచి కుడికి జరిగిపోయింది. కొండ వాలు మీద నిన్నటి వానకు పుట్టిన వాగులు, తెల్లటి గీతల్లా ఏడెనిమిది. ఎండ పడమటి నుంచి ఏటవాలుగా వచ్చి ఒక్క కొండ మీదే పడింది, మిగతావన్నీ నల్లగా ఉండిపోయాయి. పావుగంట ఉందేమో. మేం ముగ్గురం తప్ప రాతిగోడ మీద నీలి రంగు మచ్చ వేసిన గొర్రె ఒకటి ఉంది.

అమ్మ ఏమీ అనలేదు. నాన్న "పాపికొండల్లో తెల్లవారుజామున లాంచీ మీంచి చూసినట్టుంది" అన్నారు. నలభై ఏళ్ళ కింద ఇద్దరూ వెళ్ళారట, ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది.

ఫోటో తీయబోతే ఇంకో కథ. గాలి పడిపోగానే కంటికి కనపడనంత చిన్న పురుగులు, మిడ్జెస్ అంటారు, చెవుల దగ్గర కుట్టడం మొదలుపెట్టాయి. ఉన్న ఒక్క మంచి ఫోటోలో నాన్న తన చెంప మీద తానే కొట్టుకుంటున్నారు.

లిమెరిక్ అక్క • ఆదివారం రాత్రి 11:10

ఆ ఫోటో ఇక్కడ పెట్టు తమ్ముడూ. పురుగుల సంగతి చెప్పడం మరిచిపోయాను, తప్పు నాదే. గాలి ఉంటే రావు, ఆగితే వదలవు.

మెదక్ మబ్బు • ఆదివారం రాత్రి 11:18

రేపు వెళ్ళేదారిలో ఏం చూస్తున్నారు?

కొబ్బరాకు • సోమవారం ఉదయం 9:05

మళ్ళీ వాన. నాన్న ఒక్కటే అడిగారు, కిల్లోర్గ్లిన్ వంతెన దగ్గర మేక విగ్రహం చూడాలని. మొన్న బస్సు వెనక నుంచి కొమ్ములు మాత్రమే కనపడ్డాయట. ప్రతి ఆగస్టు 10 నుంచి 12 దాకా అక్కడ పక్ ఫెయిర్‌లో అడవి మేకకు కిరీటం పెట్టి రాజును చేస్తారని బసలో ఎవరో చెప్పారు. డబ్లిన్ దారి అది కాదు, అయినా అటే వెళ్తున్నాం. మొన్న రాసుకున్న కాగితం వెనక అమ్మ సామాన్ల జాబితా రాస్తోంది.

చలిమంట • సోమవారం ఉదయం 9:40

ఒకటి అడగాలి. ఆ లేడీస్ వ్యూ దగ్గర కారు ఆపడానికి డబ్బులు తీసుకుంటారా?

కొబ్బరాకు • సోమవారం ఉదయం 9:44

తీసుకోరండీ. గొడుగు మాత్రం తేవద్దు.